చాప కింద కూర్చున్న మనిషి

మార్చి 3, మంగళవారం

తమ్ముడి పెట్టెలు పొద్దున పడవ మీద వచ్చాయి. కెపాసిటర్లు. వేరే దీవిలో మూతపడిన చేపల కార్ఖానాలో ఊడదీసినవట. బూడిద రంగు డబ్బాలు, ఒక్కొక్కటి బిస్కెట్ల డబ్బా అంత. ఎనోసా వాటిని కొబ్బరి మిల్లు ముందు వరసగా పెట్టించి, సారె చూపించినట్టు ఊరందరికీ చూపించాడు.

"ఇంక కరెంటు ఆఫీసువాళ్ళు మన జోలికి రారక్కా," అన్నాడు.

తమ్ముడు మిల్లు పెట్టినప్పటి నుంచీ బిల్లుతో పాటు జరిమానా పడుతోంది. పవర్ ఫ్యాక్టర్ తక్కువగా ఉందని. అదేమిటని సాయంత్రం మెట్ల మీద, ఊళ్ళో కరెంటు పనులు చేసే మా ఆయన్ని అడిగాను. మోటారుకి పని చేసే కరెంటు ఒకటి, ఊరికే పట్టు కోసం ఇంకొకటి కావాలట. ఆ రెండోది ఖర్చు కాదు. వస్తుంది, వెనక్కి పోతుంది, మళ్ళీ వస్తుంది. అయినా తీగల నిండా అదే.

"మన ఊరి బస్సు చూశావుగా, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని వస్తారు. అందులో సగం మంది దిగరనుకో. అదే బస్సులో వెనక్కి పోతారు, మళ్ళీ అదే బస్సులో వస్తారు. దిగే పని ఉన్నవాళ్ళకి చోటుండదు. కెపాసిటర్ అంటే ఆ దిగని వాళ్ళకి మోటారు పక్కనే ఒక పాక వేసి ఉంచడం. అక్కడికీ ఇక్కడికీ తిరుగుతుంటారు. బస్సు ఖాళీ."

నాకు అర్థమైంది. ఆయన చెబితే ఏదైనా అర్థమవుతుంది నాకు.

తర్వాత ఒక డబ్బా మూత తీసి చూశారు. ఇంకోటి చూశారు. అన్నీ చూశారు. స్విచ్చి కట్టేశాక డబ్బాలో నిలిచిపోయిన కరెంటును మెల్లగా దించేసే చిన్న ముక్క ఒకటి ఉండాలట, రెండు కొసల మధ్య. వీటిలో అవన్నీ తెంచేసి ఉన్నాయి. అవి లేకపోతే స్విచ్చి కట్టినా డబ్బా చల్లారదు.

"ఆక్లండ్ నుంచి ఆ ముక్కలు తెప్పిద్దాం. వచ్చేదాకా వీటిని కలపకండి," అన్నారు తమ్ముడితో. తమ్ముడు మతాయి, సభలో ఇంటి తరఫున కూర్చునే పెద్ద కదా, ఆయన ఎప్పుడూ మీరు అనే అంటారు.

"బావా, నువ్వు సముద్రంలోకి దిగేముందు తడుస్తానేమో అని అడిగే రకం," అన్నాడు ఎనోసా.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఇల్లరికం వచ్చిన మనిషి నవ్వాలి మరి.

మార్చి 8, ఆదివారం

గుడి అయ్యాక పాస్టరమ్మగారు నన్ను పట్టుకున్నారు. "మటలెనా, మీ పెనియామిన గుళ్ళో కూడా స్విచ్చిల పక్కనే కూర్చుంటాడేం?"

"అక్కడైతే ఫ్యాన్లయినా ఆయన మాట వింటాయండీ," అన్నాను. ఆవిడ నోటికి విసనకర్ర అడ్డం పెట్టుకుని నవ్వారు. గుళ్ళో అలా అనకూడదేమో. ప్రభువా, క్షమించు.

మొదటి పళ్ళెం తమ్ముడింటి నుంచి నాకే వచ్చింది, ఎప్పటిలాగే. కొబ్బరిపాలు పోసి కాల్చిన చేమాకు పొట్లాలు, సీమపనస, పంది మాంసంలో మంచి ముక్క. ఎనోసా తానే తెచ్చి నా ముందు పెట్టి, నేను తినడం మొదలుపెట్టాకే వెళ్ళి కూర్చున్నాడు. నిన్న మొన్నటి కుర్రాళ్ళు ఇవన్నీ పాటించడం లేదు. నా తమ్ముడు పాటిస్తాడు. మా భాషలో అక్కచెల్లెళ్ళను నిబంధన అంటారు, బైబిల్లో దేవుడు చేసిన ఒప్పందానికి వాడే మాటే. నా ముందు వాడు ఎన్నడూ గొంతెత్తలేదు.

వచ్చే శనివారం పాస్టరుగారు మిల్లును దీవిస్తారు. న్యూజిలాండ్ నుంచి నూనె కొనేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. అంతకుముందే కరెంటు ఆఫీసు మనిషి వచ్చి మీటరు చూసి పోతాడట.

"వాళ్ళ ముందు జరిమానా కాగితం పెట్టమంటావా బావా?" అన్నాడు తమ్ముడు, భోజనాల దగ్గర.

"ముక్కలు రానివ్వండి."

"ఎప్పుడు?"

"పడవ వచ్చినప్పుడు."

"నాకు పడవ లెక్కలు చెప్పకు. నేను పుట్టింది ఈ రేవులో."

ఆయన చేమదుంప తొక్క తీస్తూ ఉండిపోయారు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఆదివారం పూట.

మార్చి 11, బుధవారం

కలేపో చెయ్యి. ప్రభువా. ప్రభువా.

మార్చి 12, గురువారం

నిన్న మధ్యాహ్నం జరిగింది. మిల్లులో పనిచేసే కలేపో కొబ్బరి కోరే మోటారు స్విచ్చి కట్టేసి, ప్యానెలు తలుపు తీసి, లోపల పేరుకున్న కొబ్బరి పొట్టు తుడవబోయాడు. వాడు స్విచ్చి కట్టాడు. అందరూ చూశారు కట్టడం. అయినా లోపల డబ్బా వాణ్ణి కొట్టి వెనక్కి విసిరింది. వెనకాల ఇంకో మోటారు బెల్టు తిరుగుతోంది. కుడిచేయి అందులోకి పోయింది. ఆపేసరికి నాలుగు వేళ్ళు లేవు.

కలేపో మా ఊరి పొడుగు పడవలో తెడ్డు వేసేవాడు. పోటీల్లో ముందు బల్ల వాడిదే. వాళ్ళ అమ్మ సలోమే నాతో పాటు గాయకబృందంలో పాడుతుంది. నిన్న పట్నం ఆసుపత్రికి లారీ వెనక కూర్చుని వెళుతూ కొడుకు చేతిని తువ్వాల్లో పట్టుకుని ఉంది. నన్ను చూసింది.

డబ్బాలు కలిపి ఉన్నాయి. ఎప్పుడు కలిపారో నాకు తెలియదు.

ఆయన్ని అడిగాను.

"నేను కలపలేదు," అన్నారు.

"మరి?"

"నేను కలపలేదు, మటలెనా."

ఆయనకి మతిమరుపు ఉంది. మొన్న గొడ్డలి ఎక్కడ పెట్టారో మరిచిపోయారు. తమ్ముడు ఒత్తిడి పెట్టి ఉంటే ఒక్కటి కలిపి చూసి, తీద్దామనుకుని మరిచిపోయి ఉండొచ్చు. మనిషన్నాక జరుగుతుంది. ఆయన చెడ్డవారు కాదు.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. నా ముందు నేల మీద కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, సలోమే అన్నదమ్ములు కర్రలు పట్టుకుని తిరుగుతున్నారు. రేపు తెల్లారేసరికి ఇఫోగా చేసి క్షమాపణ కోరాలి. వాళ్ళింటి ముందు చాప కప్పుకుని కూర్చుంటే తప్ప ఇది ఆగదు."

"ఎవరు కూర్చుంటారురా?"

"ఒకరు కూర్చుంటే ఇల్లంతా కూర్చున్నట్టే. బావ కూర్చుంటాడు. నేను పక్కనే ఉంటాను. నీ దగ్గరున్న చాప కావాలి. అమ్మది."

అమ్మ చాప. మొగలి ఆకును దారంలా చీల్చి ఏళ్ళ తరబడి నేసింది. పట్టు గుడ్డలా మడత పడుతుంది. నా పెళ్ళికి ఇచ్చింది. దాన్నివ్వనని ఎలా అంటాను, ఒక మనిషి వేళ్ళు పోయాక.

ఆయన వైపు చూశాను. ఆయన తల ఊపారు.

మార్చి 13, శుక్రవారం

ఇంకా వెలుతురు సరిగా రాలేదు. సలోమే ఇంటి ముందు గులకరాళ్ళ మీద ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నారు. నేనే కప్పాను చాప. తల మీదుగా, భుజాల మీదుగా, నేల తాకేలా. నా చేతులతో. కప్పేముందు ఆయన నా వైపు చూశారు. భయపడుతున్నారనుకుని "ప్రభువున్నాడు" అన్నాను.

తమ్ముడు పక్కన కూర్చోలేదు. వెనక నిలబడ్డాడు. మాట్లాడే మతాయి చాప కింద ఉండకూడదట. నిజమే కావచ్చు, ఆచారాలు వాడికే బాగా తెలుసు.

ఎండ ఎక్కింది. లోపల సలోమే అన్నదమ్ములు గట్టిగా తిట్టుకుంటున్నారు. ఒకడు కొడవలితో బయటికి వచ్చి చాప చుట్టూ తిరిగాడు. ఆయన కదల్లేదు. ఆ చాపలో ఒక్క పోగు కూడా కదల్లేదు. నేను కీర్తన మనసులోనే పాడుకుంటున్నాను, పెదవులు కదిలితే వాడికి కోపం వస్తుందేమోనని.

అప్పుడు తమ్ముడు మాట్లాడాడు. "మా ఇంటికి వచ్చిన మనిషి చేతి తప్పు మా ఇంటి తప్పే. మేము ఆయన్ని వదిలెయ్యం. ఆయనతో పాటు మేమూ తల వంచుతున్నాం." ఎంత బాగా మాట్లాడాడో. ఆడవాళ్ళందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. గర్వంగా అనిపించింది నాకు.

చివరికి పట్నం నుంచి రాత్రే తిరిగొచ్చిన సలోమే తానే బయటికి వచ్చి చాప ఎత్తింది. క్షమించినట్టు. లోపలికి తీసుకెళ్ళి ఆయనకి నీళ్ళిచ్చింది. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నారు.

దారి పొడుగునా మనుషులు తమ్ముడి భుజం తట్టారు. "బావ కోసం తల వంచావయ్యా, నువ్వు మతాయివంటే" అని.

ఆయన వెనక నడిచారు.

మార్చి 14, శనివారం

మిల్లు దీవెన ఆగింది. తమ్ముడు ఒక మాట అన్నాడు. రాయను.

మార్చి 15, ఆదివారం

వాక్యం మత్తయి సువార్తలోది, అర్పణ తెచ్చేముందు సహోదరునితో సమాధానపడమని. పాస్టరుగారు ఎవరినీ చూసి చెప్పలేదు. ఆయన స్విచ్చిల పక్కన ఎప్పటి చోటే కూర్చున్నారు. ఆ బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదు.

తమ్ముడి పళ్ళెం వచ్చింది. మంచి ముక్క. తిన్నాను.

ఎనోసా ఊరి కోసమే చేశాడు ఏం చేసినా. మిల్లు లేకపోతే ఆ కుర్రాళ్ళందరూ పండ్ల కోతకి న్యూజిలాండ్ పోవాలి. వాడు చేసినది మనం చూడకూడదు, ఎందుకు చేశాడో చూడాలి. రేపో మాపో వాడే సభలో చెబుతాడు. కాస్త గొడవ చల్లారనిచ్చి చెబుతాడు. నా తమ్ముడు నాకు తెలియదా.

మార్చి 16, సోమవారం

చెబుతాడు.

మార్చి 18, బుధవారం

కరెంటు ఆఫీసు మనిషీ, ఇంకో ప్రభుత్వపు మనిషీ మిల్లుకి వచ్చారు. ప్యానెలు ఫొటోలు తీసుకున్నారు. ఈ డబ్బాలు ఎవరు కలిపారని అడిగారట.

ఆ సంగతి పాస్టరమ్మగారు చెప్పారు. రొట్టె కొనడానికి కొట్టుకి వెళితే చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళారు. "మటలెనా, మీ తమ్ముడు మీ ఆయన పేరే ఇచ్చాడమ్మా. నేను మిల్లు వరండాలోనే ఉన్నాను. 'మా ఎలక్ట్రీషియన్ మా బావ, వద్దన్నా కలిపేశాడు' అన్నాడు. వద్దన్నా అన్నాడమ్మా."

"ఆయన అలా అని ఉండరండీ, మీకు సరిగా వినపడలేదేమో," అన్నాను. నా తమ్ముణ్ణి ఆయన అన్నాను, తడబడి.

ఇంటికి వచ్చి రొట్టె బల్ల మీద పెట్టాను. అది అలాగే ఉంది. ఇప్పుడు రాస్తాను శనివారం సంగతి.

శనివారం ఎనోసా అమ్మ చాప తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. సలోమే వాళ్ళు తీసుకోకుండా పంపేశారు. నేను మడత పెడుతుంటే నవ్వుతూ, ఏదో చేపల ధర చెప్పినట్టు అన్నాడు:

"నిజానికి నేనే కలిపానక్కా. మంగళవారం. మీటరు మనిషి వస్తున్నాడని. బావకి చెబితే మళ్ళీ పడవ అంటాడు. కలపగానే మీటరు ఎంత బాగా చూపించిందో తెలుసా!"

నేను చాప మడత ఆపాను.

"ఎవరో ఒకరు మొయ్యాలి కదా. నా పేరు పోతే మిల్లు పోతుంది. బావ బయటివాడు. ఈ ఊళ్ళో ఆయనకి పోయే పేరేముంది?"

"పోయే పేరు" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లో లైటు వేసిన మనిషికి.

నేనేమన్నానో తెలుసా ప్రభువా? "అన్నం తిన్నావా?" అన్నాను. వాడు తినలేదంటే పెట్టాను.

మార్చి 20, శుక్రవారం

సోమవారం మతాయిల సభ. ఆయన్ని ఊళ్ళో ఉండనివ్వాలా, వెళ్ళగొట్టాలా అని. ఆయన సొంతూరు అవతలి దీవి సవాయిలో ఉంది, అక్కడికి పొమ్మంటారు. ఆయన పనిముట్ల సంచి సర్దుకోవడం మొదలుపెట్టారు. పట్టకారును నూనె గుడ్డతో తుడిచి తుడిచి పెడుతున్నారు.

నేను తమ్ముడింటికి వెళ్ళాను. వాడి భార్య చాప పరిచి లోపలికి వెళ్ళిపోయింది.

"ఎనోసా, సభలో చెప్పు," అన్నాను.

"ఏమని?"

"నువ్వు కలిపావని."

"అక్కా, నువ్వు అడిగితే నేను ప్రాణమిస్తాను. ఇది అడక్కు."

"ప్రాణం వద్దు. ఒక్క మాట చాలు."

"బావని నేను చూసుకుంటానుగా. అక్కడ ఇల్లు వేయిస్తాను. పడవ ఖర్చులు నావి. నువ్వు ఎప్పుడు రావాలంటే అప్పుడు రావచ్చు. నువ్వు ఇక్కడే ఉంటానన్నా సరే, నీ ఇల్లు నీదే."

"నేను నీ నిబంధననిరా."

వాడు నా పాదాలు ముట్టుకున్నాడు. నిజంగా ముట్టుకున్నాడు, కళ్ళనీళ్ళతో. "అందుకే కదక్కా, నువ్వు నన్ను కాపాడాలి," అన్నాడు.

మార్చి 22, ఆదివారం

పళ్ళెం వచ్చింది. తిరిగి పంపాను. తెచ్చిన పిల్ల అర్థంకాక అలా నిలబడింది, "ఉప్పు తక్కువైందా అత్తా?" అని.

సాయంత్రం ప్రార్థనకి శంఖం ఊదాక అలవాటు ప్రకారం తమ్ముడింట్లోనే కూర్చున్నాం అందరం. వాడే ప్రార్థన చేశాడు. అబద్ధమాడే నాలుకల నుంచి మా ఇంటిని కాపాడు అన్నాడు. ఆమెన్ అన్నాను. నోటి అలవాటు.

మార్చి 23, సోమవారం

సభ ఇంటికి గోడలుండవు. ఒక్కో స్తంభానికి ఒక్కో మతాయి ఆనుకుని కూర్చుంటారు. లోపలికి నేను వెళ్ళకూడదు. వెళ్ళాలనుకోలేదు కూడా.

గుడికి వేసుకునే తెల్ల గౌను వేసుకుని, టోపీ లేకుండా, దారి పొడుగునా నడిచి వెళ్ళాను. సభ ఇంటి ముందు మట్టిలో కూర్చున్నాను. కింద ఏమీ పరుచుకోలేదు. మీద ఏమీ కప్పుకోలేదు. ఎండ నెత్తిన ఉంది.

ఎవరి అక్క అయినా అలా మట్టిలో కూర్చుంటే తమ్ముడు మాట మధ్యలో ఆపి పరుగెత్తుకు రావాలి. తన చొక్కా విప్పి పరిచి లేవదీయాలి. మా ఊళ్ళో చిన్న పిల్లలకి కూడా తెలుసు. అందరూ ఎనోసా వైపు చూశారు. వాడు సభల్లో తాగే కావా చిప్పలోకి చూస్తున్నాడు.

ఆయన పక్కన బయటే నిలబడి ఉన్నారు, పిలిస్తే రావడానికి. నన్ను చూసి ఒక అడుగు వేశారు. నేను తల అడ్డంగా ఊపాను.

మేమందరం తాతా అని పిలిచే పెద్ద మతాయి మెడ చాచి చూశాడు. "అమ్మా మటలెనా, ఎందుకమ్మా ఎండలో?"

చెప్పాను. తాతకి వినపడలేదు.

"గట్టిగా చెప్పమ్మా."

"ఇంతకంటే గట్టిగా నాకు రాదు తాతా. మీరే కాస్త చప్పుడు తగ్గించండి."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

"ఆ డబ్బాలు కలిపింది మా ఆయన కాదు. వద్దన్నారు. నా తమ్ముడు కలిపాడు. వాడే నాతో చెప్పాడు."

తాత ఎనోసా వైపు తిరిగాడు. ఎనోసా అప్పుడు తలెత్తాడు. నన్ను చూశాడు, ఎంతో జాలిగా. చిన్నపిల్లను చూసినట్టు.

"మా అక్కకి నిద్రల్లేవు పెద్దలారా. మొగుడు వెళ్ళిపోతాడన్న బాధలో ఏం మాట్లాడుతోందో దానికే తెలియదు. దయచేసి పట్టించుకోకండి."

దానికే, అన్నాడు. సభలో. నన్ను.

నేను లేవలేదు. ఎంతసేపో తెలియదు. తలలో ఒక్క వాక్యం కూడా రాలేదు, ఒక్క కీర్తన కూడా. చెమట కళ్ళల్లోకి కారింది.

అప్పుడు నా పక్కన ఎవరో కూర్చున్నారు, అదే మట్టిలో. సలోమే. చేపలు శుభ్రం చేస్తూ వచ్చినట్టుంది, చేతుల నిండా పొలుసులు.

"పిచ్చిది కాదు ఇది," అంది. ఆవిడ గొంతు నాలాంటిది కాదు, రేవు దాకా వినపడుతుంది. "నా కొడుక్కి ఆసుపత్రిలో మాట వచ్చాక మొదట చెప్పింది ఇదే. మంగళవారం మతాయిగారు తీగలు కలుపుతుంటే నిచ్చెన పట్టుకున్నది వాడే. నోరెత్తొద్దు, నీకు జన్మంతా పని ఇస్తానన్నాడట. ఇప్పుడు ఏ చేత్తో చేస్తాడు ఎనోసా, ఆ పని?"

సలోమే పొలుసుల చెయ్యి ఎనోసా వైపు చాపింది.

"క్షమించేదాకా తెలియదు నాకు ఎవర్ని క్షమించానో. తెలిశాక నువ్వు వస్తావని చూశాను. రోజూ గుమ్మంలో కూర్చుని చూశాను. రాలేదు. మీ అక్క వచ్చింది."

తాత చాలాసేపు దగ్గాడు. తర్వాత తీర్పు చెప్పాడు. పెనియామిన ఊళ్ళోనే ఉంటాడు. ఎనోసా సలోమే ఇంటికి పందులూ చాపలూ ఇచ్చి, తానే వెళ్ళి తల వంచాలి. ప్రభుత్వం వాళ్ళకి నిజం చెప్పాలి. మతాయి పేరు మాత్రం ఉంచారు.

ఎనోసా నా పక్క నుంచే దిగి వెళ్ళాడు. నన్ను తగలకుండా నడుముకి చుట్టుకున్న లావలావా కొస ఎత్తి పట్టుకున్నాడు.

నన్ను లేపింది సలోమే. నా గౌను నిండా పొలుసులు అంటుకున్నాయి.

మార్చి 24, మంగళవారం

గెలిచామనుకున్నాను. ఆయన సంచిలోంచి పనిముట్లు తీసి మళ్ళీ మేకులకు తగిలిస్తుంటే నాకు పాట వచ్చింది. టీ ఇచ్చాను. మెట్ల మీద కూర్చున్నాం.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు మీరు? తమ్ముడే కలిపాడని నాకు చెప్పొచ్చుగా," అన్నాను.

"చెప్పానుగా. నేను కలపలేదన్నాను."

"వాడు కలిపాడనలేదుగా."

"నీ తమ్ముడి మీద నీకు నేనెలా చెబుతాను?" అన్నారు. టీ ఊదుకున్నారు. కాసేపటికి, కోపం లేకుండా, వాన గురించి చెప్పినట్టు అన్నారు: "ఆ రోజు నువ్వు చాప కప్పావు చూడు, అప్పుడు నీకూ తెలుసనుకున్నాను. తెలిసే కప్పావనుకున్నాను. అందుకే కూర్చున్నాను."

నేను మీకు తెలియదా అనబోయాను. అనలేదు. "నేను కలపలేదు" అని రెండుసార్లు చెప్పిన మనిషి, గొడ్డలిని మరిచినట్టే డబ్బా కలిపి మరిచిపోయాడని నేనే కదా నమ్మింది.

వేలితో కప్పు అంచు తుడుస్తూ కూర్చున్నారు. ఆ చేతి మీద చెయ్యి వేశాను. తీసేయలేదు. పట్టుకోనూ లేదు.

మార్చి 27, శుక్రవారం

ఆక్లండ్ ముక్కలు వచ్చాయి. మిల్లు కుర్రాళ్ళు ఆయన్ని పిలవడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, సిగ్గుతో. వెళ్ళొద్దన్నాను. "అక్కడ పనిచేసేది వీళ్ళు, నీ తమ్ముడు కాదు," అని వెళ్ళారు. పాత డబ్బాలన్నీ పీకించి, మంచివి రెండింటికి ముక్కలు బిగించి, స్విచ్చి కట్టి, ఆగి, మీటరుతో చూసి, అప్పుడు తానే ముందు చేత్తో ముట్టుకున్నారట. తర్వాతే కుర్రాళ్ళని ముట్టుకోనిచ్చారట.

నాకు ఇది సలోమే చెప్పింది. ఆయన చెప్పలేదు. నాతో మాటలు బాగా తగ్గాయి. ఉప్పు అడుగుతారు, అగ్గిపెట్టె అడుగుతారు.

ఎనోసా ఇంకా సలోమే ఇంటికి వెళ్ళలేదు. పందులు మాత్రం పంపాడు.

మార్చి 29, ఆదివారం

పొద్దున గుళ్ళో స్విచ్చిల పక్క బల్ల మీద ఆయన పక్కన కూర్చున్నాను. ఆడవాళ్ళ వైపు నా చోటు ఖాళీగా ఉంది. పాస్టరమ్మగారు అటు చూసి, ఇటు చూసి, విసనకర్ర ఊపుకున్నారు.

సాయంత్రం ఎనోసా వచ్చాడు. తానే పళ్ళెం పట్టుకుని. మెట్ల కింద ఆగాడు.

"అక్కా, చీకటి పడుతోంది. ప్రార్థనకి రండి. అందరూ కూర్చున్నారు, నీ చోట ఎవరూ కూర్చోలేదు."

"సలోమే ఇంటికి వెళ్ళావా?"

"వెళతానులే. అది వేరే సంగతి. ఇంటి ప్రార్థన ఇంటిదే కదా. బయటివాళ్ళు మనల్ని చూసి నవ్వకూడదు." లోపల ఉన్న ఆయన్ని చూసి గొంతు పెంచాడు. "బావా, నువ్వూ రావాలి. మనలో మనకేంటి?"

ఆయన నా వైపు చూశారు. ఆ చూపు నాకిప్పుడు తెలుసు. చాప కప్పేముందు చూసిన చూపు. ఈసారి భయమనుకోలేదు.

"నీ కోసం ప్రార్థన చేస్తాను ఎనోసా," అన్నాను. "నీతో చేయను."

"అంత మాట అనకక్కా. నువ్వే అలా అంటే నాకెవరున్నారు?"

వాడు చొక్కా భుజానికి కళ్ళు తుడుచుకున్నాడు. నటన కాదు, నేను పెంచినవాణ్ణి, నాకు తెలుస్తుంది. పళ్ళెం చేతిలో ఒరిగి చేమాకు పొట్లం ఒకటి మట్టిలో పడింది. వంగి తీసి తుడిచి మళ్ళీ పెట్టాడు. నేను మెట్టు దిగలేదు. దిగాలనే ఉంది. ఇప్పుడు రాస్తుంటే కూడా ఉంది.

శంఖం ఊదారు. వాడు వెళ్ళిపోయాడు.

మేమిద్దరం మా చాప పరుచుకుని కూర్చున్నాం. అవతల తమ్ముడింట్లో కీర్తన ఎత్తుకున్నారు. చిన్నప్పుడు అమ్మ మా ఇద్దరికీ కలిపి నేర్పిందే. అదే నా నోటి దాకా వచ్చింది. ఆపుకుని, వేరేది ఎత్తుకున్నాను. నా గొంతు చిన్నది, వాళ్ళ పాటలో కలిసిపోయింది. మొదటి చరణం ఒక్కదాన్నే పాడాను.

రెండో చరణంలో ఆయన అందుకున్నారు.